ముందు సీడీని కాపాడుకోండి, ప్లేయర్ సంగతి తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. మీరుండేది చీమకుర్తి. కారు 2011 మోడల్, నాన్నగారిది, స్టీరియో కారుతోపాటు వచ్చిన సింగిల్ సీడీ సెట్టు. నాన్నగారు తిరునాళ్ళలో హరిశ్చంద్రుడి వేషం కట్టి పాడిన పద్యాలను మైకు సెట్టాయన రికార్డు చేసి సీడీ ఇచ్చాడు. దాని మీద నాన్నగారి ఫోటో స్టిక్కర్ అతికించి ఉంది. పోయినేడు ఆయన కాలం చేశారు. ఆర్నెల్లుగా ఏ సీడీ పెట్టినా మధ్యాహ్నం పూట పాట ఎగురుతోంది, పొద్దున పూట బాగానే వస్తోంది. పోయిన ఆదివారం ఈ పద్యాల సీడీ పెడితే లోపలికి తీసుకుంది, మూడుసార్లు టిక్ టిక్‌మంది, ఎర్రర్ చూపించింది. ఎజెక్ట్ నొక్కితే లోపల ఏదో తిరుగుతున్న శబ్దం వస్తోంది, సీడీ మాత్రం రావడం లేదు. రేడియో పనిచేస్తోంది. ఒంగోలులో చూపిస్తే పాత సెట్టు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి టచ్ స్క్రీన్ పెట్టించుకోమన్నారు.

ఆ ఎక్స్ఛేంజ్‌కి మాత్రం ఒప్పుకోకండి. సెట్టుతోపాటు సీడీ కూడా పోతుంది. కొత్త సెట్టు పెట్టించుకుంటారో లేదో మీ ఇష్టం గానీ, ఆ పాత డబ్బా సీడీ బయటికి వచ్చేదాకా మీ ఇంట్లోనే ఉండాలి. ప్లేయర్ చెడిపోతే ఇంకొకటి దొరుకుతుంది. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. అందుకే ప్లేయర్ ఎలా బాగుచేయాలో తర్వాత చెబుతాను, సీడీ ఎలా తీయాలో ముందు చెబుతాను.

నేను నెల్లూరు ఆటోనగర్ దగ్గర ఇరవై ఆరేళ్ళుగా కారు స్టీరియోల పని చేస్తున్నాను. సీడీ ఇరుక్కున్న సెట్లు ఎన్ని విప్పానో లెక్కలేదు. వాటిలో సీడీని నిజంగా పాడుచేసింది ప్లేయర్ అయిన సందర్భాలు తక్కువ. కంగారులో మనుషులు చేసిన పనే ఎక్కువ. ముత్తుకూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు సెట్టు తెచ్చాడు. లోపల వాళ్ళ అమ్మాయి పెళ్ళి పాటల సీడీ. ఎవరో యాక్సా బ్లేడు దూర్చి కెలికారు. మూత విప్పి చూస్తే సీడీ అంచు నుంచి మధ్యదాకా కొడవలి ఆకారంలో గీత, ఆ పక్కనే సగం తెగిన రిబ్బన్ కేబుల్. సీడీ బయటికి తీసిచ్చాను గానీ అందులో సగం పాటలు రాలేదు. బ్లేడు పెట్టకపోయి ఉంటే అన్నీ వచ్చేవి.

కాబట్టి స్కేలు, చాకు, పోస్టుకార్డు ఏదీ దూర్చకండి. ఇంకో సీడీతో నెట్టకండి. డ్యాష్‌బోర్డు మీద గుద్దకండి. ఎజెక్ట్ బటన్‌ని పదేపదే నొక్కకండి, అది ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మీరు చెప్పిన వాటిలో నాకు గట్టిగా తగిలిన మాట ఫోటో స్టిక్కర్. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. కారు ప్లేయర్ నోరు, లోపలి దారి ఆ మందానికి సరిపడా కట్టి ఉంటాయి. చాలా సెట్లలో కింద రబ్బరు రోలర్, పైన ప్లాస్టిక్ గైడు ఉంటాయి. సీడీని ఆ రెండూ కలిసి చపాతీ పీట, కర్రలాగా నొక్కి పట్టుకుని లాగుతాయి. ఇంట్లో ప్లేయర్‌కి ట్రే ఉంటుంది కాబట్టి సీడీ మీద కాగితం ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. కారులో ఆ కాగితం ప్రతిసారీ గైడుకి రాసుకుంటుంది. పైగా మన ఎండలు. మధ్యాహ్నం అద్దాలు మూసి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి స్టిక్కర్ జిగురు మెత్తబడుతుంది, అంచు కాస్త లేస్తుంది. లోపలికి వెళ్ళేటప్పుడు లేచిన అంచు సర్దుకుని పోతుంది గానీ, బయటికి వచ్చేటప్పుడు గైడుకి అడ్డం తగిలి వెనక్కి మడత పడుతుంది. మడత పడ్డ కాగితం గుంజలాగా నిలుస్తుంది. మీరు ఎజెక్ట్ నొక్కిన ప్రతిసారీ రోలర్ సీడీని ఆ మడత మీదికి నెడుతోంది, మడత ఇంకా బిగుస్తోంది. అందుకే నొక్కొద్దన్నాను.

లోపల తిరిగే శబ్దం వస్తోందన్నారు కదా, అది మంచి కబురు. మోటారు బతికే ఉంది, బోర్డు నుంచి ఆజ్ఞ వెళ్తోంది. ఏ శబ్దమూ లేకపోతే ఇంకో దారిలో ఆలోచించాల్సి వచ్చేది. రేడియో వస్తోంది కాబట్టి కరెంటు, ఫ్యూజు, ఆంప్లిఫయర్, స్పీకర్లు అన్నీ సరిగ్గానే ఉన్నట్టు. వాటి జోలికి పోనక్కర్లేదు.

విప్పకుండా ఒకసారి ప్రయత్నించవచ్చు. అది కూడా తెల్లవారుజామున, కారు రాత్రంతా నీడలో ఉన్నాక. చల్లగా ఉంటే జిగురు గట్టిపడి ఉంటుంది, స్టిక్కర్ అంత సులువుగా సాగదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం చెవి ఏసీసీ (ACC) అని రాసి ఉన్న గుర్తు దాకా తిప్పి, ఎజెక్ట్ బటన్‌ని పది పదిహేను సెకన్లు వదలకుండా పట్టుకోండి. చాలా సెట్లలో అలా పట్టుకుంటే బలవంతపు ఎజెక్ట్ జరుగుతుంది. సీడీ అంచు వేలికి అందేంత వస్తే రెండు చేతుల వేళ్ళతో రెండు పక్కలా పట్టుకుని సమానంగా, నేరుగా లాగండి. పైకో కిందికో వంచారంటే విరుగుతుంది. ఇలా రెండుసార్లు. రాకపోతే ఆపేయండి, మూడోసారి వద్దు.

సెట్టు బయటికి తీయాల్సి వస్తే బ్యాటరీ వైరు పీకే ముందు కారు పుస్తకంలో రేడియో కోడ్ ఉందేమో వెతకండి. కారుతో వచ్చిన సెట్లలో కొన్ని, కరెంటు తెగి మళ్ళీ వస్తే కోడ్ అడుగుతాయి. తప్పు కోడ్ కొన్నిసార్లు కొడితే తాళం పడిపోతుంది. నాన్నగారి కాగితాల్లో చిన్న కార్డు మీద నాలుగు అంకెలు రాసి ఉండవచ్చు, దాన్ని ఏదో పాత కార్డు అనుకుని పారేయకండి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసి, కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఇది తప్పనిసరి.

ఇక్కడ ఒక సలహా. ఎలక్ట్రానిక్స్ చేతిపని అలవాటు లేకపోతే సెట్టు డ్యాష్‌బోర్డులోంచి తీయడం వరకు మీరు చేయవచ్చు, మూత విప్పే పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి. పక్కనే కూర్చుని చేయించుకోండి. "నాకు ప్లేయర్ బాగుకాకపోయినా ఫర్వాలేదు, సీడీకి గీత పడకూడదు" అని మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో మెకానిక్ చెయ్యి నెమ్మదిస్తుంది. లేకపోతే అతను ప్లేయర్‌ని కాపాడే ఉద్దేశంతో సీడీని గట్టిగా లాగవచ్చు. మీకు కావలసింది దానికి తిరగేసి. అవసరమైతే ప్లేయర్‌ని కోసైనా సీడీని సుఖంగా బయటికి తీయాలి.

మూత తీశాక లోపల మరో చిన్న పెట్టెలాగా సీడీ మెకానిజం కనిపిస్తుంది, సాధారణంగా నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. దాని నుంచి బోర్డుకి వెళ్ళే రిబ్బన్ కేబుల్‌కి చిన్న లాక్ ఉంటుంది, లాక్ ఎత్తకుండా లాగితే చిరుగుతుంది. మెకానిజం బయటికి తీశాక పక్కన లోడింగ్ మోటారు, దాని మీద మర లాంటి పళ్ళచక్రం కనిపిస్తాయి. దాన్ని వేలితోనో, సన్నటి పుల్లతోనో కొంచెం కొంచెంగా తిప్పితే రోలర్ తిరుగుతుంది. సీడీని మధ్యలో పట్టుకున్న క్లాంప్ పైకి లేచేదాకా మొదట ఏమీ కదలనట్టే ఉంటుంది, ఓపిక పట్టాలి. క్లాంప్ లేవగానే ఇక ముందుకి తిప్పడం ఆపి, టార్చి వేసి స్టిక్కర్ మడత ఎక్కడుందో చూడాలి. ప్లాస్టిక్ పట్టకారుతో ఆ మడతని కిందికి, సీడీ మీదికి పడుకోబెట్టాలి. పడుకోనంటే పై గైడు ప్లేటు స్క్రూలు తీసి ప్లేటునే ఎత్తేయాలి. అప్పుడు సీడీ మీద ఏ ఒత్తిడీ ఉండదు. చేతితో ఎత్తుకోవచ్చు. నేనైతే మీ సెట్టు నా టేబుల్ మీదికి వస్తే రోలర్‌ని తిప్పే పని కూడా పెట్టుకోను, నేరుగా పై ప్లేటే తీస్తాను. పావుగంట ఎక్కువ పడుతుంది, అయినా స్టిక్కర్ మీద లాగుడు ఉండదు.

లాగుడు అంటే ఎందుకింత భయపడుతున్నానో చెప్పాలి. సీడీ గురించి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. మెరిసే కింది వైపే సున్నితం, పేరు రాసుకునే పై వైపు మొరటు అనుకుంటారు. నిజానికి కింద ఉన్నది గట్టి పారదర్శక ప్లాస్టిక్, దాదాపు మందమంతా అదే. రికార్డయిన పొర, దాని మీద అద్దంలా మెరిసే పొర ఉండేది పై వైపున, సన్నటి లక్క లాంటి పూత కిందే. కింద గీత పడితే పాలిష్ చేసి పోగొట్టవచ్చు. పైన స్టిక్కర్ పీకితే దాంతోపాటు ఆ మెరిసే పొర ఊడి వస్తుంది. ఊడిన చోట పద్యం లేదు, ఇక ఎవరూ తేలేరు. అందుకే సీడీ చేతికొచ్చాక స్టిక్కర్ సగం లేచి ఉన్నా సరే, దాన్ని శుభ్రంగా పీకేద్దాం అనే ఆలోచన రానివ్వకండి. నీళ్ళతో నానబెట్టడం, కిరోసిన్ రాయడం కూడా వద్దు. లేచిన ముక్కని మెల్లగా వేలితో ఒత్తి పడుకోబెట్టండి, చాలు.

తర్వాత సీడీని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని కింది వైపు నుంచి చూడండి. కాగితం కప్పని చోట, లేదా కాగితం లేచిన చోట చుక్కల్లాగా వెలుతురు దూరి వస్తుంటే అక్కడ పొర పోయినట్టు. అలా కనిపించినా వెంటనే దిగులు పడొద్దు. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, గ్రామఫోన్ రికార్డుకి తిరగేసి. ఇంట్లోనో షాపులోనో రాసిన సీడీ అయితే రాసిన భాగం, రాయని భాగం రంగులో కొద్దిగా తేడాగా, ఒక వలయంలాగా కనిపిస్తాయి. నాన్నగారి పద్యాలు అరగంటే ఉంటే రాత సగం దూరం కూడా రాదు. స్టిక్కర్ లేచింది బయటి అంచున కాబట్టి, పొర ఊడినా అది ఖాళీ భాగంలోనే అయివుండే అవకాశం బాగా ఉంది. ఈ వలయం ఎక్కడ ముగిసిందో చూసుకున్నాక మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

తుడవాల్సి వస్తే మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి. చుట్టూ గుండ్రంగా తుడవకూడదు. పాట దారి గుండ్రంగా ఉంటుంది. వరసకీ వరసకీ మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంతకు కాస్త ఎక్కువ. తల వెంట్రుక మందంలో ముప్పై నలభై వరసలు ఇముడుతాయి. వరసకి అడ్డంగా సన్న గీత పడితే ప్లేయర్ లెక్కలు కట్టి తప్పిన ముక్కని పూరించుకుంటుంది. వరస వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా పూర్తిగా సరిచేసుకునే ఏర్పాటు సీడీలోనే ఉంది. గుండ్రంగా తుడిచినప్పుడు పడే గీత వరస వెంబడే పొడుగ్గా పోతుంది, దాన్ని పూరించడం దాని వల్ల కాదు.

ఇప్పుడు కాపీ. అదే కారులో మళ్ళీ పెట్టి చూద్దాం అనుకోకండి, ఏ కారులోనూ పెట్టకండి. ట్రే ఉన్న డీవీడీ డ్రైవు కావాలి, సందులోంచి లాక్కునేది వద్దు. కంప్యూటర్ డ్రైవులు సీడీని చాలా వేగంగా తిప్పుతాయి. పాట పాడేటప్పుడు సీడీ నిమిషానికి 200 నుంచి 500 చుట్లు తిరిగితే, కంప్యూటర్‌లో వేలల్లో తిరగవచ్చు. ఒక పక్క స్టిక్కర్ లేచిన సీడీకి అంత వేగం మంచిది కాదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. అందులో వేగం తగ్గించి పెట్టుకోవచ్చు, చదవలేని చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చదువుతుంది కూడా. ఒక్కో పద్యానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

చాలామంది పడే గుంట ఒకటి చెబుతాను. సీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ట్రాక్ 1, ట్రాక్ 2 అని సీడీఏ ఫైళ్ళు కనిపిస్తాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పని అయిపోయిందని సీడీని పక్కన పడేస్తారు. ఆ ఫైలు 44 బైట్లు, ఫలానా పాట ఫలానా చోట ఉందని చెప్పే చీటీ మాత్రమే. అందులో పాట ఉండదు. అసలు పాట అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ ఉంటుంది. కాపీ అయ్యాక ఫైలు సైజు చూడండి, సీడీ పక్కన లేకుండా విని చూడండి. మొదట వేవ్ ఫైలుగా ఉంచుకోండి, ఎంపీత్రీ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉండనివ్వండి.

ఒక డ్రైవు చదవకపోతే నిరాశ పడకుండా ఇంకో కంపెనీ డ్రైవులో పెట్టండి. ఒకటి చదవనిది ఇంకొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను. ఇంకో మాట. ఆ మైకు సెట్టాయన ఇప్పటికీ ఉంటే వెళ్ళి అడగండి. హార్మోనియం వాయించిన ఆయన్నీ, ఆ రాత్రి నాన్నగారి పక్కన వేషం కట్టినవాళ్ళనీ అడగండి. మన వైపు నాటకాల వాళ్ళకి అలాంటి రికార్డింగు చేతికొస్తే తలా ఒక కాపీ పంచుకునే అలవాటుంది. స్టిక్కర్ లేని కాపీ ఎవరి బీరువాలోనో ఉండవచ్చు. ఇది సెట్టు విప్పకముందే చేయదగ్గ పని.

ఇక ప్లేయర్ దగ్గరికి వద్దాం. మీకు ఉన్నది రెండు జబ్బులు. సీడీ ఇరుక్కోవడం స్టిక్కర్ వల్ల. మధ్యాహ్నం పాట ఎగరడం అంతకు ముందు నుంచీ, అన్ని సీడీలకీ ఉంది కాబట్టి దానికి స్టిక్కర్‌తో సంబంధం లేదు.

సీడీ పెట్టాక లోపల ఏం జరుగుతుందో తెలిస్తే శబ్దాన్ని బట్టే జబ్బు పట్టుకోవచ్చు. రోలర్ లోపలికి లాగుతుంది, చివర ఒక స్విచ్ నొక్కుకుంటుంది, క్లాంప్ దిగుతుంది. లెన్సు ఉన్న పికప్ జరుగుతూ మధ్యకి వస్తుంది. లేజర్ వెలుగుతుంది, లెన్సు పైకీ కిందికీ ఊగి ఫోకస్ వెతుకుతుంది. మీరు విన్న టిక్ టిక్ ఆ వెతుకులాటే. దొరికితే సీడీ తిరగడం మొదలై, లోపలి అంచున రాసి ఉన్న పట్టిక చదివి, ఒకటో పాట ఎత్తుకుంటుంది. రెండు మూడుసార్లు వెతికినా దొరక్కపోతే ఎర్రర్. మీ సెట్టు ఫోకస్ దగ్గర ఆగింది. అలా ఆగడానికి మొదటి అనుమానం లెన్సు మీద దుమ్ము, తర్వాత సీడీ సరిగ్గా కూర్చోకపోవడం, తర్వాత ముసలిదైన లేజర్. ఆ రోజు లేచిన స్టిక్కర్ అంచు వల్ల సీడీ వంకరగా కూర్చుని కూడా ఉండవచ్చు.

ఊరిని బట్టి జబ్బు మారుతుంది, ఇది నేను పని మీద నేర్చుకున్నది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చే సెట్లలో కనెక్టర్లకి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. పొదిలి, కనిగిరి వైపు సెట్లలో ఎండకి గ్రీజు మైనంలాగా గట్టిపడి ఉంటుంది. చీమకుర్తి సెట్టు మూత తీస్తే బూడిద చల్లినట్టు రాతి పొడి. క్వారీల దుమ్ము, కోత మిల్లుల దుమ్ము ఏసీ గాలితో డ్యాష్‌బోర్డు వెనక్కి చేరి, సీడీ నోట్లోంచి లోపలికి పోతుంది. అందుకే మీకు బ్రష్ ఉన్న లెన్స్ క్లీనింగ్ సీడీ వాడమని చెప్పను. ఇంటి దుమ్ముకి అది ఫర్వాలేదు. రాతి పొడి లెన్సు ప్లాస్టిక్ కంటే ఎంతో గట్టిది, బ్రష్ దాన్ని లెన్సు మీద రుద్దితే సన్న గీతలు పడతాయి. ముందు ఊదాలి, తర్వాతే తుడవాలి.

సెట్టు విప్పి ఉంది కాబట్టి ఆ పనీ అప్పుడే చేయించండి. కరెంటు లేకుండా ఉన్నప్పుడు కెమెరాలకి వాడే రబ్బరు బ్లోయర్‌తో రోలర్, గైడు, పికప్ చుట్టూ ఊదాలి. నోటితో ఊదితే తడి తుంపర పడుతుంది. లెన్సు కందిగింజంత ఉంటుంది, నీలిరంగు ఛాయతో మెరుస్తుంది. సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి తాకితే ఊగుతుంది, అది లోపం అనుకోవద్దు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, తడి పిండేసి, మధ్య నుంచి అంచుకి ఒక్క చుట్టు. దూది బరువే చాలు, చేతి బరువు వేయకూడదు. కొత్త పుల్లతో ఇంకొక్కసారి, పొడిగా. థిన్నర్, పెట్రోలు, సెంటు, నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, లెన్సు పొగమంచు పట్టినట్టు అయిపోతుంది, మళ్ళీ బాగుకాదు. లేజర్ వెలుతురు 780 నానోమీటర్ల పరారుణం, కంటికి కనిపించదు, రెప్ప కూడా పడదు. కాబట్టి విప్పిన మెకానిజానికి కరెంటు ఇచ్చినప్పుడు లెన్సులోకి తొంగి చూడకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

రోలర్‌ని అదే ద్రవంతో తిప్పుతూ తుడిస్తే నలుపు దిగుతుంది, స్టిక్కర్ జిగురూ దిగుతుంది, పట్టు వస్తుంది. పికప్ జారే కమ్మీ మీద పాత గ్రీజు తుడిచేసి, ప్లాస్టిక్‌కి పనికొచ్చే తెల్ల గ్రీజు అగ్గిపుల్ల కొసంత రాస్తే సరిపోతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె రాసిన సెట్లు నా దగ్గరికి వస్తుంటాయి. నెల రోజులు బాగా తిరుగుతాయి, తర్వాత ఆ నూనెకి దుమ్ము అంటుకుని ముద్దకడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా మధ్యాహ్నం మాత్రమే పాట ఎగురుతుంటే లేజర్ ముసలిదైనట్టు అనుకోవాలి. లేజర్‌కి ఒక గుణం ఉంది. వేడెక్కే కొద్దీ అదే వెలుతురు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది. కొత్తదైతే తట్టుకుంటుంది. పదేళ్ళు దాటింది చల్లటి పొద్దున లాక్కొస్తుంది గానీ ఎండలో చేతులెత్తేస్తుంది. మీరు చెప్పిన లక్షణం అదే. అయితే దుమ్ము పట్టిన లెన్సు కూడా వెలుతురు తగ్గించి ఇలాగే చేస్తుంది, అందుకే శుభ్రం చేయకుండా తీర్పు చెప్పకూడదు. కొందరు మెకానిక్‌లు పికప్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి లేజర్ కరెంటు పెంచేస్తారు. వెంటనే పాట వస్తుంది, మీరు సంతోషంగా డబ్బులిచ్చి వస్తారు, కొన్నాళ్ళకి లేజర్ పూర్తిగా ఆరిపోతుంది. ఆ స్క్రూ ముట్టుకోవద్దని ముందే చెప్పండి. లేజర్ నిజంగా పోయిందంటే పికప్ మార్చడమే దారి.

లోపలి పాటలు బాగా వచ్చి, చివరి పాటల దగ్గర మాత్రమే ఆగిపోతుంటే పికప్ రిబ్బన్ మడత దగ్గర చిట్లిందేమో, కమ్మీ బిగుసుకుందేమో చూడాలి. గతుకుల్లోనే ఎగురుతుంటే మెకానిజాన్ని మోసే స్ప్రింగులు, రబ్బరు కుషన్లు అరిగినట్టు. చలికాలం పొద్దున హీటర్ వేసిన కాసేపటికి ఆగిపోయి తర్వాత దానంతట అదే వస్తే లెన్సు మీద తేమ పట్టినట్టు, ఏ రిపేరూ అక్కర్లేదు, ఆగితే చాలు. మీకు ఇవేవీ లేవు, ఇలాంటి ఇబ్బంది ఉన్న ఇంకెవరికైనా పనికొస్తాయని రాశాను.

టచ్ స్క్రీన్ పెట్టించుకోవడం తప్పేమీ కాదు. పెన్‌డ్రైవ్‌లో పద్యాలు వేసుకుని వినవచ్చు. అయితే నాన్నగారు విన్న సెట్టులోనే వినాలని ఉంటే, కాపీ చేసిన ఫైళ్ళతో కొత్త సీడీ రాయించండి, ఆడియో సీడీగా, తక్కువ వేగంతో. దాని మీద ఏ కాగితమూ అతికించవద్దు. సీడీల మీద రాసే మార్కర్‌తో మధ్య రంధ్రం పక్కనుండే పారదర్శక వలయం మీద పేరు రాసుకోండి. ఫోటో ఉన్న అసలు సీడీని డబ్బాలో పెట్టి, ఎండ తగలని బీరువాలో నిలబెట్టి ఉంచండి. కారులో ఉంచకండి.

సెట్టు విప్పిన రోజు పికప్ వెనక అంటించి ఉండే చిన్న లేబుల్‌ని, మెకానిజం మీది నంబరుని ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఆ నంబరు బట్టి పికప్ దొరుకుతుందో లేదో, పాత సెట్టులోంచి తీసినది సరిపోతుందో లేదో చూసి చెబుతాను. అంతకంటే ముందు, సీడీ బయటికి వచ్చిందో లేదో ఒక్క ముక్క రాయండి. వలయం ఎక్కడిదాకా ఉందో అది కూడా రాయండి.